నెగటివ్‌లలో ఉన్న మా వాళ్లు

మా గూడేల్లో కెమెరా కొన్నవాళ్లు తక్కువ. ఫొటో దిగినవాళ్లు మాత్రం చాలామంది. రేషన్ కార్డుకు ఫొటో కావాలన్నారు, దిగాం. పట్టా పాసు పుస్తకానికి కావాలన్నారు, దిగాం. హాస్టల్ సీటుకు, బ్యాంకు ఖాతాకు, పింఛనుకు, ఏ కాగితం కావాలన్నా ముందు అంగడి రోజు స్టూడియో మెట్లు ఎక్కాల్సిందే. సరదాకు దిగిన ఫొటోలు మా ఇళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవి కూడా పెళ్లివో, నాగోబా జాతరవో.

ఉట్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి, ఆసిఫాబాద్ వైపు పెరిగిన వాళ్లకు ఆ స్టూడియోలు గుర్తుండే ఉంటాయి. ముందు గదిలో అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. లోపల నీలి తెర, రెండు పెద్ద లైట్లు, చెక్క స్టూలు. ఆ పక్కన ఎప్పుడూ తలుపు మూసి ఉండే చీకటి గది. రుమాలు తీసి కూర్చోమంటే మా తాతలు నొచ్చుకునేవాళ్లు. రుమాలు లేకుండా వాళ్లు గూడెంలో కూడా తిరిగేవాళ్లు కాదు. అవ్వలు లైటు వెలుగుకు కళ్లు చికిలించేవాళ్లు. అందుకే ఆ కాలం ఫొటోల్లో మా వాళ్లందరూ ఏదో తప్పు చేసి నిలబడినట్టు కనిపిస్తారు. ఇంటి దగ్గర వాళ్లు అలా ఉండేవాళ్లు కాదు.

డబ్బులిస్తే చేతికి మూడో నాలుగో ఫొటోలు వచ్చేవి. అవన్నీ దరఖాస్తులకు అంటించడానికే సరిపోయేవి. ఇంట్లో ఒక్కటీ మిగిలేది కాదు. నెగటివ్ మాత్రం స్టూడియోలోనే ఉండేది. కాగితం కవరులో పెట్టి, మీద ఒక నంబరు వేసి, డబ్బాలో దాచేవాళ్లు. మళ్లీ కాపీలు కావాలంటే ఆ నంబరు చెప్పాలి. ఫొటోలు మనకు, నెగటివ్ స్టూడియోకు, అదీ అప్పటి వాడుక. అంటే మా పెద్దల మొహాలు మా ఇళ్లలో లేకపోయినా అంగడి ఊళ్ల డబ్బాల్లో ఉన్నాయి. ఈ వ్యాసం ఆ డబ్బాల గురించే.

డిజిటల్ కెమెరాలు వచ్చాక ఫిల్మ్ కాలం అయిపోయిందని లోకమంతా అన్నది. అలా అనడానికి కారణాలూ ఉన్నాయి. 2010 డిసెంబరు చివర్లో అమెరికాలోని ఆఖరి ల్యాబు కూడా కోడాక్రోమ్ రీళ్లు తీసుకోవడం ఆపేసింది. 2012 జనవరిలో కోడాక్ కంపెనీ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. మన దేశంలో ఊటీ దగ్గర 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఉండేది. 'ఇందు' పేరుతో ఫిల్మ్ తయారుచేసేది. అదీ మూతపడింది.

కానీ ఫిల్మ్ పోలేదు. ఇంగ్లండ్‌లో ఇల్‌ఫర్డ్ ఫిల్మ్ తయారుచేసే హార్మన్ సంస్థ 2023 చివర్లో 'ఫీనిక్స్' అనే కొత్త రంగుల ఫిల్మ్ తెచ్చింది. 2024లో పెంటాక్స్ కంపెనీ రీలు వేసుకునే కొత్త కెమెరానే అమ్మకానికి పెట్టింది. అందులో 36 ఫొటోల రీలు వేస్తే ఒక్కో ఫొటో సగం సైజులో పడుతుంది కాబట్టి 72 వస్తాయి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో కూచా చౌధరి, కలకత్తాలో మెట్రో గల్లీ, ముంబయిలో బోరా బజార్ వంటి పాత కెమెరా బజార్లలో తాతల కాలం నాటి యాషికాలు, ఆగ్ఫా క్లిక్‌లు అడుగుతూ కాలేజీ పిల్లలు తిరుగుతున్నారు. ఒక్క రంగుల రీలు వెయ్యి రూపాయల దాకా పలుకుతున్నా కొంటున్నారు.

వాళ్లు చెప్పే కారణాలు వినదగ్గవే. ఫోనులో వంద ఫొటోలు తీసి ఒక్కటీ మళ్లీ చూడం. రీలులో 36 మాత్రమే ఉంటాయి కాబట్టి ప్రతిదానికీ ఆలోచించి మీట నొక్కుతాం. కడిగి వచ్చేదాకా ఎదురుచూస్తాం. పైగా చేతికి ఒక వస్తువు వస్తుంది. ఫోను పాడైతే ఫొటోలు పోతాయి, నెగటివ్ పోదు.

ఆ చివరి మాటే మాకు పనికొచ్చేది. పట్నం పిల్లలకు ఫిల్మ్ ఒక ఇష్టం. మాకు మాత్రం పెద్దల మొహాలు ఉన్న ఏకైక చోటు. అయినా ఈ రెండూ ఒకే దుకాణంలో కలుస్తాయి. కొత్త రీళ్లు కడిగే దుకాణమే పాత నెగటివ్‌లను స్కాన్ చేస్తుంది, ప్రింటు వేస్తుంది. రంగుల రీలు కడగాలంటే రసాయనం 38 డిగ్రీల వేడిలో, సమయం లెక్క తప్పకుండా ఉండాలి. ఆ మందులు నిలవ ఉంటే పాడవుతాయి. రోజూ రీళ్లు తెచ్చేవాళ్లు ఉంటేనే అవి తెప్పిస్తారు, ఆ పని తెలిసిన మనిషిని ఉంచుకుంటారు. పట్నంలో గిరాకీ ఉన్నంతకాలమే ఆ యంత్రాలు తిరుగుతాయి. మన పని కూడా అంతలోనే జరగాలి.

కిందటి ఎండాకాలం మేము నలుగురం, మా బడి సారు ఒకరు కలిసి మా అంగడి ఊరి స్టూడియోకు వెళ్లాం. ఇప్పుడక్కడ కొడుకు జిరాక్సులు, ఫ్లెక్సీలు చేస్తున్నాడు. పెద్దాయన ఒక మూల కుర్చీలో కూర్చుంటాడు.

"రాం రాం కాకా, మా తాత నెగటివ్ ఉంటదా?" అని అడిగాం.

"నంబరు ఉన్నదా బిడ్డా?"

"లేదు కాకా. ఊరి పేరు చెప్తాం."

"ఊర్ల పేర్లు రాయలే. తారీఖులు రాసిన. మీ తాత ఎప్పుడొచ్చిండో చెప్పుర్రి, చూద్దాం."

తారీఖు మాకెలా తెలుస్తుంది? గూడేనికి వచ్చి పెద్దలను కూర్చోబెట్టి అడిగాం. పాసు పుస్తకాలు ఇచ్చిన ఏడాది అన్నారు. దండారి అయిపోయాక, జొన్న కోతకు ముందు అన్నారు. ఆ లెక్కతో వెళ్లి డబ్బాలు దించాం. మూడో రోజు సాయంత్రం దొరికింది.

తాత ఒక్కడే దొరకలేదు. నెగటివ్‌లను విడివిడిగా కత్తిరించరు, నాలుగైదు కలిసి ఒక ముక్కగా ఉంటాయి. తాత పక్కన మా వెనకింటి కాకా ఉన్నాడు. ఆయన పక్కన చంకలో పిల్లాడితో ఒక అవ్వ. తరువాత ముక్కలో మా గూడెం పటేల్, ఆయన తమ్ముడు. అందరూ ఆ రోజు ఒకే బండిలో అంగడికి వెళ్లి వరసగా దిగారన్నమాట. ఇంటికొచ్చే ఫొటోలో ఒక్క మనిషే ఉంటాడు. నెగటివ్ ముక్కలో ఆ మనిషికి ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో కూడా ఉంటుంది. మా గూడెం ఆ రోజు అంగడికి వెళ్లిన లెక్క, ఏ దఫ్తరులోనూ లేనిది, ఆ ముక్కల్లో ఉంది.

చంకలో ఉన్న పిల్లాడికి ఇప్పుడు నలభై దాటాయి. ఆ ఫొటో దిగిన మరుసటి వానాకాలమే జ్వరమొచ్చి తల్లి పోయింది. తల్లి మొహం ఆయనకు గుర్తు లేదు. ప్రింటు వేయించి తీసుకెళ్లి ఇచ్చాం. చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. "నా చిన్నబిడ్డ మొహం ఇదే" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

మా వాళ్ల ఫొటోలు భద్రంగా ఉన్న చోటు అసలు లేదని కాదు. 1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తరువాత మా ప్రాంతానికి వచ్చిన హైమన్‌డార్ఫ్ గోండుల మధ్య ఉండి వేల ఫొటోలు తీశాడు. మార్లవాయిలో 1943లో గోండు పిల్లల చదువు కోసం ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది ఆయన చొరవతోనే. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన తీసిన ఫొటోలు, రాసుకున్న నోట్సు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయ సంస్థలో ఉన్నాయి. వాటిని పద్ధతిగా జాబితా చేశారు. చాలా ఫొటోలు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. వాటి మీద మాకు గౌరవం ఉంది.

అంతకు ముందు సంగతి వేరు. తెల్లదొరల ప్రభుత్వం 1868 నుంచి 1875 దాకా 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాల ఫొటో పుస్తకాలు వేసింది. చాలా బొమ్మల కింద మనిషి పేరు ఉండదు, తెగ పేరో కులం పేరో ఉంటుంది. ఏలడానికి వచ్చినవాళ్లు ఏలబడేవాళ్లను గుర్తుపట్టడానికి తీసిన బొమ్మలవి.

స్టూడియోలో మా అవ్వ దిగిన ఫొటో ఆ రెండింటిలాంటిది కాదు. ఆమె సొంత కాళ్ల మీద నడిచి వెళ్లి, ఇప్పపువ్వు అమ్మిన డబ్బుల్లోంచి ఇచ్చి దిగింది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ దీని గురించి ఒక మాట చెబుతుంది. ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ ఫొటో మీద కాపీరైట్‌కు మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. నెగటివ్ అనే వస్తువు స్టూడియోలో ఉండొచ్చు, బొమ్మ మీద హక్కు మాత్రం డబ్బిచ్చిన అవ్వది. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. స్టూడియో వాళ్లతో తగువు పడమని కాదు. ఇన్నేళ్లు దాచిపెట్టింది వాళ్లే. అయితే మనం అడిగేది బిచ్చం కాదని తెలిసి అడగాలి.

తొందరగా అడగాలి కూడా. ఇంకో అంగడి ఊళ్లో స్టూడియో మూసి రెండేళ్లయింది. మేము వెళ్లేసరికి డబ్బాలన్నీ పాత సామాన్ల బండికి వేసేశామన్నారు. నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మగా నల్లగా కనిపించేదంతా వెండి. దాన్ని తీయడానికి పాత ఫిల్మ్ కొనేవాళ్లు ఉన్నారు. రంగుల ఫిల్మ్ కడిగినప్పుడే వెండి పోయి రంగులు మాత్రం మిగులుతాయి, దాన్ని ఊరికే చెత్తలో వేస్తారు. అమ్మకపోయినా తేమ తినేస్తుంది. ఫిల్మ్ మీద పూత జెలటిన్‌తో చేస్తారు. అది పశువుల ఎముకలు, తోళ్లలోంచి తీసే పదార్థం, బూజుకు మంచి తిండి. మన ఏజెన్సీ వానలకు రేకుల కింద పెట్టిన డబ్బా ఎన్నాళ్లు ఆగుతుంది? కొన్ని పాత ఫిల్మ్‌లు మూత తీస్తేనే పుల్లటి ఘాటు కొడతాయి. ఆ ప్లాస్టిక్ చివికిపోవడం మొదలైందని దాని గుర్తు. అలాంటివాటిని మిగతావాటి నుంచి వేరు చేసి ముందు స్కాన్ చేయించాలి.

పెద్ద ఖర్చు లేకుండా బడిలోనే చేయగల పని కూడా ఉంది. నెగటివ్‌ను అంచులతోనే పట్టుకోవాలి, తడిగుడ్డతో తుడవకూడదు. ఒక ఫోనులో తెల్లటి తెర పెట్టి, దాని మీద పలచటి తెల్లకాగితం పరిచి, కొంచెం ఎత్తులో నెగటివ్ ఉంచి ఇంకో ఫోనుతో ఫొటో తీయాలి. ఫోనులోనే రంగులు తిరగేస్తే మనిషి కనిపిస్తాడు. ఇది గుర్తుపట్టడానికి చాలు. మంచి ప్రింటు కావాలంటే తరువాత పట్నం దుకాణానికి పంపొచ్చు. కడగని రీలు దొరికితే మాత్రం విప్పి చూడొద్దు, వెలుగు తగిలితే అంతా పోతుంది. దాన్ని నేరుగా ఫిల్మ్ కడిగే దుకాణంలోనే ఇవ్వాలి.

ఇందులో భూమి సంగతీ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నామని చూపాలి. ఇళ్లు, గట్లు, బావులు, శ్మశానాలు, పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ నిబంధనల్లో సాక్ష్యాలుగా ఉన్నాయి. ఒక్క ఫొటోతో పట్టా రాదు. కానీ బావి గట్టు మీద నిలబడిన తాత ఫొటో చేతిలో ఉంటే, గ్రామసభలో పెద్దమనిషి చెప్పే మాటకు తోడు దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. డబ్బాల్లో పేన్ పూజల ఫొటోలు కూడా దొరుకుతాయి. అవి ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో పటేల్‌ను, దేవారిని అడిగాకే ఏదైనా చేయాలి. వాట్సాప్‌లో పెట్టడానికి తొందరపడొద్దు.

ఉపాధ్యాయ మిత్రులను మేము కోరేది ఒక్కటే. ఈ పనిని పిల్లలకు పాఠంగా ఇవ్వండి. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కో ఫొటో పట్టుకుని ఇంటింటికీ వెళ్లి "ఈమె ఎవరు?" అని గోండిలో అడగనివ్వండి. పేరు, ఇంటిపేరు, ఊరు, చెప్పిన వాళ్ల పేరు నోటుబుక్కులో రాయించండి. మా దగ్గర ఇప్పటికి అరవై మూడు మొహాలున్నాయి. నలభై ఒకటికి పేర్లు దొరికాయి. మిగతా ఇరవై రెండింటిని గుర్తుపట్టగల వాళ్లు మా గూడెంలో ఇంకా ముగ్గురున్నారని అనుకుంటున్నాం. అందులో ఒక అవ్వకు చూపు మందగిస్తోంది. వచ్చే ఆదివారం పెద్ద సైజు ప్రింట్లు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్తున్నాం.