నల్లమలలో మా మజిలీ

తెలుగులో ‘మజిలీ’ అన్న మాట ఉన్నది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీ మజిలీ కథలు’ ఆ మాటకు ఇంటింటా చోటు సంపాదించి పెట్టినవి. ఇది ఉర్దూలోని ‘మంజిల్’కు తోబుట్టువు. అరబ్బీలో పుట్టి, పారసీకంలో పెరిగి, ఉర్దూ వాకిటి మీదుగా మన ఇంటికి వచ్చినది. అయితే రెండు భాషలలోనూ దాని అర్థం సరిగా ఒక్కటి కాదు. ఉర్దూ కవి మంజిల్ అన్నప్పుడు చాలసార్లు చేరవలసిన గమ్యాన్ని తలుస్తాడు. తెలుగువాడు మజిలీ అన్నప్పుడు నడుమ ఆగే చోటును తలుస్తాడు. ఈ రెండు భాషలూ ఒకే వరండాలో వినిపించే కళాశాలలో పనిచేసే మాకు ఈ తేడా ఎప్పటి నుండో తెలుసు. దాని లోతు మాత్రం గత శీతకాలపు సెలవులలో నల్లమల అడవికి పోయినప్పుడే తెలిసినది.

ఈ ప్రసంగానికి కారణం మా విద్యార్థులే. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే వాహనాలలో బాటలేని చోట్లకు పోవడం, గుడారం వేసుకొని రాత్రి గడపడం నేటి యువకులకు పెద్ద ముచ్చట. అటువంటి యాత్రకు కమిటీ పెద్దల అనుమతి ఇప్పించవలసినదిగా కొందరు మమ్ములను అడిగినారు. ముందుగా మేము చూచి వచ్చి చెబుతామన్నాము. ఆ చెప్పవలసినదే ఇక్కడ వ్రాస్తున్నాము.

జీపు యుద్ధంలో పుట్టిన బండి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ దానిని విరివిగా తయారు చేసినది. మన దేశంలో ఆ బండ్ల కూర్పును 1947లో చేపట్టినవారు మహీంద్రా కంపెనీవారు. 1945లో ఆ సంస్థ పుట్టినప్పటి పేరు ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ అని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజనతో పాకిస్తాన్‌కు పోయి, అక్కడ తొలి ఆర్థికమంత్రి, ఆ తరువాత గవర్నర్ జనరల్ అయినాడు. 1948లో సంస్థ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారినది. ఒక దేశం రెండైన కథ ఒక బండి పేరులో కూడా ఉన్నది.

ఇక దాని పనితనం. మామూలు కారులో రెండు చక్రాలకే బలం అందుతుంది. ఆ రెండూ బురదలో జారితే బండి కదలదు. జీపులో మరొక గేరు వేయగానే ముందు చక్రాలు కూడా లాగడం మొదలుపెడతాయి. ఇంకా చిన్న గేరు ఒకటి ఉన్నది. అందులో వేగం తగ్గి పట్టు పెరుగుతుంది. వాలులో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు బిగబట్టకుండా ఇంజనే బండిని ఆపుకొంటూ వస్తుంది. ఇంత బలం ఉన్నా మన గుంటూరు నల్లరేగడి ముందు అది పరీక్షకు నిలవవలసినదే. వాన పడితే ఆ మట్టి ఉబ్బి, జిగురై, టైరు గాడులన్నీ పూడ్చివేస్తుంది. అప్పుడు రెండు చక్రాలకు బదులు నాలుగు చక్రాలు ఊరక తిరుగుతాయి. ప్రత్తి చేను గట్టున బండి తోలిన రైతుకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు.

మేము అయిదుగురము ఒక మిత్రుని జీపులో తాడేపల్లి నుండి తెల్లవారుజామున బయలుదేరినాము. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ దాటేవరకు ఇరువైపులా ప్రత్తి, మిరప చేలే. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరొందిన త్రిపురాంతకం దగ్గర నేల రంగు మారినది. యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరినాము. అక్కడి నుండి ఒక దారి శ్రీశైలానికి, ఒకటి ఆత్మకూరుకు పోతుంది. మేము ఆత్మకూరు దారి పట్టినాము. ఆ దారిలో రాత్రివేళ వాహనాలను పోనీయరు. పొద్దు ఉండగానే బైర్లూటిలోని అటవీశాఖవారి విడిదికి చేరుకున్నాము.

మా మిత్రుని ఉత్సాహానికి అక్కడనే మొదటి కళ్ళెం పడినది. అడవి లోపలి బాటలలోకి సొంత బండి పోరాదు. ఇది 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరిన అడవి. దేశంలోని పులుల అభయారణ్యాలలో విస్తీర్ణంలో ఇదే పెద్దది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే ఇందులో అడుగుపెట్టరాదు, నిప్పు వదలరాదు. సొంత జీపు విడిది ముంగిట నిలిచినది. మేము అటవీశాఖ జీపు ఎక్కినాము. ముందు సీటులో దారి చూపడానికి ఒక చెంచు సోదరుడు కూర్చున్నాడు.

ఒక వాగు దగ్గర డ్రైవరు బండి ఆపి, కర్ర పట్టుకొని నీటిలో దిగినాడు. లోతు చూచినాడు, అడుగున రాయి ఉన్నదో బురద ఉన్నదో కాలితో తడిమి చూచినాడు, ఆవలి ఒడ్డు ఎక్కి బాట పరిశీలించి తిరిగి వచ్చినాడు. ఆ తరువాతనే చిన్న గేరులో, ఎక్కడా తొందరపడకుండా దాటించినాడు. ఇరవై ఏళ్ళుగా అదే వాగు దాటుతున్నానని, అయినా ప్రతిసారీ దిగే చూస్తానని అన్నాడు. మా తరగతి గదులలో ఇంతకంటె మంచి పాఠం మేము ఏనాడూ చెప్పలేదేమో!

పులి కనబడలేదు. దుప్పులు కనబడినవి. ఎలుగుబంటి తవ్విన చెదపుట్ట, బురదలో కణితి గిట్టల గుర్తులు చెంచు సోదరుడు చూపినాడు. చెట్ల నీడలో ఒక మడుగు వచ్చినది. తేట నీరు, చదునైన రాతినేల. మా బృందంలోని చిన్నవాడు, ఈ రాత్రికి గుడారం ఇక్కడనే వేసుకుంటే ఎంత బాగుండునని అన్నాడు. చెంచు సోదరుడు నెమ్మదిగా, “పగలైతే మనం చూసి పోవచ్చు సారూ. చీకటి పడితే ఈ నీళ్ళు వాటివి. మనం మంట వేసుకొని కూర్చుంటే అవి దప్పికతో తిరిగిపోతయ్” అన్నాడు. ఎండాకాలంలో అటవీశాఖవారు గుంటలలో నీరు నింపితే తప్ప గడవని చోట్లు ఈ అడవిలో ఉన్నవట. ఎవరమూ మారు మాట్లాడలేదు. విడిదికి తిరిగి వచ్చి, మగ్రిబ్ నమాజుకు ఒక్కొక్క చెంబు నీటితోనే వజూ ముగించుకున్నాము.

ఆ రాత్రి విడిదిలోని గుడారంలో పడుకొని మేము తలచుకొన్నది ఏనుగుల వీరాస్వామయ్యగారిని. చెన్నపట్టణం సుప్రీం కోర్టులో దుబాసీగా ఉండిన ఆయన 1830లో పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, ఆత్మకూరు, నాగులూటి, పెద్దచెరువు దారిన ఈ అడవి గుండానే శ్రీశైలం చేరినారు. ఆ నాగులూటి మా విడిదికి దగ్గరనే. ఉగాదికి కన్నడ దేశపు భక్తులు నేటికీ ఆ బాటనే కాలినడకన పోతారు. ఏ మజిలీలో ఏమి దొరుకునో, దారి ఎట్లుండునో వెనుక వచ్చేవారి కోసం వీరాస్వామయ్యగారు వ్రాసి ఉంచినారు.

మరునాడు ఒక చెంచు గూడెం మీదుగా వచ్చినాము. గతుకుల బాట చూచి మా చిన్నవాడు మళ్ళీ సంబరపడినాడు. గూడెంలోని ఒక ముసలమ్మ మాత్రం, వానాకాలంలో ఆ బాటన జ్వరపు మనిషిని మంచం మీద మోసుకొని పోయిన సంగతి చెప్పినది. మనకు సాహసమైన బాట వారికి ఆసుపత్రి బాట. దీనిని మరచి చేసే యాత్ర విహారమే గాని విద్య కాదు.

కృష్ణ ఆవలి అమ్రాబాద్ పీఠభూమి మీద నిజాముల వేట విడిది ఉండిన చోటు ఫరహాబాద్. ఫరహ్ అంటే ఆనందం. ఒకప్పుడు తుపాకులతో పోయిన ఆ చోటికి నేడు కెమెరాలతో పోతున్నారు. ‘సఫారీ’ అన్న మాట కూడా అరబ్బీ ‘సఫర్’ బిడ్డయే. ఆఫ్రికా స్వాహిలీ భాష చుట్టి మన దగ్గరకు వచ్చినది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మనము ప్రతిదినమూ చూచే కృష్ణ నీరు కూడా ఆ లోయలు దాటి వచ్చినదే. అడవి మనకు దూరపు చుట్టం కాదు.

కనుక కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఏటా శీతకాలంలో ఒక బృందాన్ని పంపండి. ఆత్మకూరు వరకు బస్సు చాలును. బస అనుమతించిన విడిదిలోనే ఉండాలి. లౌడుస్పీకరు వద్దు. తీసుకుపోయిన ప్లాస్టిక్కు అంతా తిరిగి రావాలి. విద్యార్థినులను ఇంటి దగ్గర ఉంచవద్దు. ఒక అధ్యాపకురాలు వెంట ఉంటే తల్లిదండ్రుల బెంగ తీరుతుంది. వృక్షశాస్త్రం వారు నల్లమద్దిని, వెదురును గుర్తించనీ. చరిత్ర వారు వీరాస్వామయ్యగారి పుస్తకం వెంట తీసుకొని పోనీ. ఉర్దూ వారు ఆ కొండలలో నిలిచిన తమ భాష మాటలను ఏరుకొని రానీ.

విద్యార్థులారా! అడవి మన మంజిల్ కాదు. ఒక రాత్రి మజిలీ మాత్రమే. అక్కడ ఇల్లు ఉన్నవారు వేరే ఉన్నారు. వాగు వచ్చినప్పుడు బండి దిగి లోతు చూడండి. మడుగు వచ్చినప్పుడు దాని దగ్గర ఎవరి వంతు నడుస్తున్నదో అడిగి తెలుసుకోండి.