దుప్పటీ గోడా చాలు

ఊపిరి తీసుకోవడం నాకొచ్చనే అనుకుంటూ వచ్చాను, నలభై ఆరేళ్ళు. రాదంట.

2025 మే నెలాఖరు. ఎమ్మిగనూరులో ఒక బడి ఆవరణ, పొద్దున ఆరు గంటలు, అప్పటికే వేపచెట్టు కింద గాలి వెచ్చబడుతోంది. దుప్పటి మీద వెల్లకిలా పడుకున్న నా పొట్ట మీద రిటైరైన టీచరమ్మ ఒకామె మూడో తరగతి వాచకం పెట్టి, "పుస్తకం పైకి లేయాలప్పా, రొమ్ము కాదు" అంది. నేను గాలి పీల్చాను. భుజాలు చెవుల దాకా వెళ్ళాయి. రొమ్ము పొంగింది. పుస్తకం మాత్రం ఉన్నచోటే ఉంది. ఆమె ఒక నిమిషం చూసి, "లెక్కలు రాసే పనా నీది?" అని అడిగింది. అవునన్నాను. "కూడిక చేసేటప్పుడు ఊపిరి బిగబడతావు కదా?"

ఆ మాటకి నా కళ్ళు తెరుచుకున్నాయి. నిజమే! తప్పు పోకూడదని బిగబడతాను. మొత్తం కింద గీత గీశాకే వదుల్తాను. ఇరవై రెండేళ్ళుగా ఆదోనిలో పత్తి కమీషన్ కొట్లో గుమాస్తాను నేను. రైతుకిచ్చే లెక్క చీటీలు, అదే తక్‌పట్టీలు, ఎన్ని వేలు రాసి ఉంటానో, అన్నిసార్లు ఊపిరి ఆపుకున్నానన్నమాట. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, ఎక్స్‌రే తీసిన చోట చెప్పలేదు. పొట్ట మీద వాచకం చెప్పింది.

కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా మాట్లాడుతున్నానని నాకూ తెలుసు. కొట్లో వాళ్ళు ఇప్పటికే నన్ను చూస్తే "అదిగో స్వామి వచ్చినాడు" అంటున్నారు. అననివ్వండి. ముందు నా నడుము సంగతి వినండి.

అక్టోబరు వచ్చిందంటే ఆదోని యార్డు తెల్లబడుతుంది. బళ్ళు, ఆటోలు, ట్రాక్టర్లు, ఎక్కడ చూసినా పత్తి. రైతు ధర కోసం ఒక కాలి మీద నిలబడి ఉంటాడు, హమాలీ బరువు కింద వంగి ఉంటాడు, నేను చిట్టా మీద వంగి ఉంటాను. సాయంత్రం ఎమ్మిగనూరు బస్సెక్కితే ముప్పై కిలోమీటర్లు చిల్లర కుదుపులే. ఇంటి దగ్గర దిగేటప్పటికి నడుము నాది కాదు. బెల్టు కట్టాను, జండూ బామ్ రాశాను, నొప్పి మాత్రలు మింగి కడుపు చెడగొట్టుకున్నాను. "ఎముకకేం కాలేదు, వ్యాయామం చెయ్యండి" అన్నాడు డాక్టరు. వ్యాయామం అంటే నాకు పదో తరగతిలో తీసిన గుంజీళ్ళు తప్ప ఏమీ గుర్తు రాలేదు.

ఆ ఏడు యోగాంధ్ర అని మే 21 నుంచి జూన్ 21 వరకు రాష్ట్రమంతా ఊరూరా యోగా నేర్పారు కదా, మా ఆవిడ ఇద్దరి పేర్లూ రాయించింది. నేను వెళ్ళింది ఆమె నోటికి భయపడి. అంతకు మించిన ఆధ్యాత్మికత నాలో లేదు.

మొదటి వారం ఏం చేయించారంటే, పిల్లిలా నిలబెట్టారు. మార్జాలాసనం. అరచేతులు, మోకాళ్ళు నేల మీద. గాలి వదులుతూ వీపు పైకి గూనిలా ఎత్తాలి, పీలుస్తూ కిందికి దించి తలెత్తాలి. అంతే! పిల్ల చేష్టలా ఉంది కదూ. నాలుగోసారికి వెన్నులో ఎక్కడో తాళం తీసినట్టు 'టక్'మంది. మంచి టక్. ఇన్నాళ్ళూ నేను వెన్నెముక అంటే ఒకే కర్ర అనుకున్నాను. అది పూసల దండ అని, పూసకి పూస విడివిడిగా కదులుతుందని ఆ పొద్దున తెలిసింది. భుజంగాసనం, సేతుబంధం తర్వాత వచ్చాయి. సేతుబంధంలో వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలు పైకి లేపుతాం. పది లెక్కపెట్టేలోపు నా తొడలు వణికాయి. "కుర్చీలో కూర్చుని కూర్చుని ఆ కండలు నిద్దరపోయినాయి, వాటి పని కూడా నడుమే చేస్తాంది, పాపం" అందామె.

పాపం అన్న మాట నా నడుము గురించి అంతకు ముందు ఎవరూ వాడలేదు. నేను దాన్ని తిట్టడమే ఎరుగుదును.

ఇంకో సంగతి. కాళ్ళు చాచి కూర్చుని ముందుకి వంగితే నా వేళ్ళకీ పాదాలకీ మధ్య జానెడు దూరం. పొట్ట అడ్డం అనుకున్నాను. పొట్ట కాదు, తొడల వెనక కండరాలు. అవి బిగుసుకుంటే తుంటి ఎముకని వెనక్కి లాగి పట్టుకుంటాయి, అప్పుడు వంగాల్సిన భారమంతా నడుం మీద పడుతుంది. నొప్పి ఒకచోట, దొంగ ఇంకోచోట! ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం, ఏడాది చివర లెక్కల్లో రాని తేడా దొరికినప్పటి ఆనందం లాంటిది. గుమాస్తాలకే తెలుస్తుంది.

చివర శవాసనం. మొదటి రోజే గురక పెట్టాను. పక్క దుప్పటి మీద ఆడవాళ్ళు నవ్వారంట. సిగ్గుపడుతుంటే టీచరమ్మ ఒక కథ చెప్పింది. మన పక్క కోలారు జిల్లా బెళ్ళూరులో 1918లో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నప్పుడు మలేరియా, క్షయ, టైఫాయిడ్ అన్నిటితో బక్కచిక్కి ఉండేవాడు. మైసూరులో బావ కృష్ణమాచార్య దగ్గర యోగం నేర్చి నిలబడ్డాడు. 1952లో యెహుదీ మెనుహిన్ అనే ప్రపంచ ప్రసిద్ధ వయోలిన్ విద్వాంసుడు బొంబాయిలో ఆయన్ని కలిశాడు. బాగా అలిసిపోయి ఉన్న మనిషిని అయ్యంగార్ శవాసనంలో పడుకోబెడితే హాయిగా నిద్రపోయాడు. తర్వాత ఆయన దగ్గరే నేర్చుకుని, తన ఉత్తమ వయోలిన్ గురువు అని చెక్కించిన గడియారం కానుకగా ఇచ్చాడు. అంత పెద్దవాడే నిద్రపోతే లేనిది ఆదోని గుమాస్తా గురక పెడితే తప్పా?

ఆ అయ్యంగారే వంగలేనివాళ్ళకి తాళ్ళు, బెల్టులు, చెక్క దిమ్మెలు, కుర్చీలు ఆసరా ఇచ్చి ఆసనాలు వేయించే పద్ధతి తెచ్చాడంట. ఆ మాట నన్ను ఎంత తేలిక పరిచిందో! నేను యోగా అంటే మెడకి కాలు చుట్టుకునే బక్కపలచని స్వాముల పని అనుకునేవాణ్ణి. మడిచిన దుప్పటి మీద కూర్చుంటే నా మోకాళ్ళు కిందికి దిగుతున్నాయి. ఆ దుప్పటి కూడా మా ఊరి మగ్గం మీద నేసిందే. ఎమ్మిగనూరులో దుప్పట్లకేం కరువు? పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. ఆన్‌లైన్‌లో రబ్బరు చాపలు వెయ్యి రూపాయలకి అమ్ముతారంట, మా ఊళ్ళో ఎవరైనా కొన్నారంటే నేను నవ్వుతాను.

అసలు వింత ఏమిటంటే, సగం ఆసనాలు మనకు వచ్చినవే. ఈ సంగతి తోటి గుమాస్తా బయటపెట్టాడు. వజ్రాసనం వేసి చూపిస్తే, "ఇదేంది భాయ్, నమాజులో మేము కూర్చునేది ఇట్లే కదా" అన్నాడు. పదిహేడో శతాబ్దంలో సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన ఆదోని జామియా మసీదులో వాళ్ళ తాత ముత్తాతల నుంచి మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చుంటున్నారు, రోజుకి ఐదుసార్లు. నేను పది క్షణాలకే అబ్బా అన్నాను. యాభై దాటిన వాడు కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. ఇక యార్డులో హమాలీలు టీ తాగేటప్పుడు గొంతుక్కూర్చుంటారు చూడండి, మడమలు నేలకి ఆనించి, అదే మలాసనం! డబ్బు కట్టి నేర్చుకునేవాళ్ళు పట్నాల్లో ఉన్నారు. మనం ప్లాస్టిక్ కుర్చీ కొని ఆ కూర్చోవడం పోగొట్టుకున్నాం.

పతంజలి యోగసూత్రాలు రెండు వందలకు నాలుగైదు తక్కువ. అందులో ఆసనం గురించి మూడే! అదీ నిశ్చలంగా, సుఖంగా కూర్చోవడం గురించి. మిగతాదంతా మనసు గొడవ. ఇది విని నేను కొంచెం నిరాశ పడ్డాను, పిల్లిని ఆయన కనిపెట్టలేదా అని.

ఊపిరి దగ్గరికి మళ్ళీ వస్తాను, అక్కడే నాకు పిచ్చి పట్టింది. మూడో వారానికి వాచకం లేవడం మొదలైంది. పీల్చడానికి నాలుగు లెక్కపెడితే వదలడానికి ఆరు, ఎనిమిది. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుందంట. మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూశాను, నిజం! నా నాడి నా మాట వింటోంది! వదలడం సాగదీస్తే ఒళ్ళు తనంతట తాను కంగారు తగ్గించుకుంటుంది. భ్రామరి చేస్తే, అంటే నోరు మూసి తుమ్మెదలా మ్‌మ్‌మ్ అంటే, పుర్రె లోపల గుడిగంట తర్వాతి మోత లాగా ఉంటుంది. ఒకసారి ధర దగ్గర ఒక రైతు నా మీద అరుస్తుంటే లోపల్లోపలే గాలి పొడుగ్గా వదిలాను. ఆయన అరుపు తగ్గలేదు. నా చెయ్యి మాత్రం వణకలేదు, తక్‌పట్టీ తప్పు లేకుండా రాశాను.

మా ఆవిడకి చక్కెర జబ్బు. "దీంతో మాత్రలు మానేయొచ్చా?" అని ఆశగా అడిగింది. టీచరమ్మ మొహం గంభీరమైంది. "ఏ మాత్రా మానద్దు. పీల్చే మందు వాడేవాళ్ళు అదీ మానద్దు. బీపీ ఉన్నోళ్ళు, కంట్లో నీటి కాసులున్నోళ్ళు తలకిందుల జోలికి పోవద్దు, కంట్లో ఒత్తిడి పెరుగుతాది." ఆ మాటతో ఆమె మీద నాకు గౌరవం రెట్టింపైంది. ఫోన్లో కనిపించే బాబాలు క్యాన్సరు దగ్గరి నుంచి కోర్టు కేసు దాకా నయం చేస్తామంటారు. నడుం నొప్పి సంగతి మాత్రం ఒట్టి మాట కాదు. అమెరికాలో బోస్టన్ దగ్గర 320 మంది పాత నడుం నొప్పివాళ్ళ మీద పరీక్ష చేసి 2017లో వెల్లడించారు: యోగా వల్ల కలిగిన మేలు ఫిజియోథెరపీకి తీసిపోలేదు. ఆ ఏడాదే అక్కడి వైద్యుల సంఘం ఒకటి, పాత నడుం నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాని చేర్చింది. అది చదివి, కోర్టులో కేసు గెలిచినవాడిలా కొట్లో అందరికీ చూపించాను.

అంత తెలిసినవాణ్ణి బుద్ధిగా ఉన్నానా? లేదు. ఫోన్లో వీడియో చూసి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు శీర్షాసనం వేశాను. కాళ్ళు గోడకి తగిలాయి, గోడ మీది క్యాలెండరు నా మొహం మీద పడింది, మెడ మూడు రోజులు పక్కకి తిరగలేదు. క్లాసులో ఏమీ అనకుండా దాచాను. "పిలిస్తే మెడ కాదు, మనిషంతా తిరుగుతాండావే" అని ఆమె కనిపెట్టేసింది.

జూన్ 21న విశాఖపట్నంలో 3 లక్షల మందికి పైగా సముద్రం ఒడ్డున ఒకేసారి యోగా చేసి గిన్నిస్ కెక్కారు. మేము మా వేపచెట్టు కింద ఎనభై మందిమి. మర్నాడు పదకొండు మందిమి! తెల్లారి లేవడమంటే అంతే మరి. ఆ పదకొండులో నేనున్నానంటే నాకే నమ్మకం కుదరడం లేదు.

నొప్పి పూర్తిగా పోయిందా? పోలేదు. వానాకాలం బస్సులో గుంత తగిలితే ఉన్నానంటుంది. కానీ బెల్టు బీరువాలోకి పోయింది. ఆదోనిలో రణమండల కొండ ఎక్కి ఆంజనేయస్వామిని చూడాలంటే ముందు నాలుగుచోట్ల కూలబడేవాణ్ణి, మొన్న శనివారం ఒకచోటే ఆగాను, అదీ ఒక కోతి దారికి అడ్డం కూర్చుంది కాబట్టి.

ఈ సంబరమంతా మా నాయన మంచం మీద నుంచి చూస్తుంటాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. గుంట మగ్గంలో నలభై ఏళ్ళు కాళ్ళు దించి కూర్చున్న మనిషి. కళ్ళు పడుగు మీద, మెడ కిందికి, ఒక చెయ్యి నాడె కోసం తాడు లాగుతూ, కాళ్ళు కింద కర్రలు తొక్కుతూ. ఇప్పుడు నిలబడితే వీపు కొడవలిలా ఉంటుంది. రాత్రి కాళ్ళు లాగుతాయి, నిద్ర పట్టదు. నేను పిల్లిలా వంగి లేస్తుంటే, "ఇంత మాత్రానికి బడికి పోవాల్నా రా" అని నవ్వేవాడు.

ఆయనకి బీపీ లేదు, కంటి జబ్బు లేదు. డాక్టరునీ, టీచరమ్మనీ అడిగి, ఒక రాత్రి గోడ పక్కన దుప్పటి పరిచాను. తల కింద మడిచిన తువ్వాల, పిర్రలు గోడ దగ్గరికి, కాళ్ళు రెండూ గోడకి ఆనించి పైకి. ఆ పాదాలని నేను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కర్రలు తొక్కి తొక్కి బొటనవేళ్ళు పక్కకి తిరిగి ఉన్నాయి.

"ఇంకెంత సేపు రా?" అన్నాడు.

"అయిదు నిమిషాలు నాయనా. గాలి నిదానంగా వదులు."

"పాదాల్లోంచి ఏమో దిగుతాండాది, చీమల్లాగా" అన్నాడు. కాసేపు పైకప్పు చూశాడు. మూడో నిమిషానికి గురక మొదలైంది. లేపుదామా అని మా ఆవిడ సైగ చేసింది. నేను వద్దని తల ఊపి, గడియారం వైపు చూస్తూ పక్కన కూర్చున్నాను.