ఊరి నడుమ గోడ

పిల్లలూ! మీ బడిలో గోడకు వేలాడే ఐరోపా పటం ముందు ఒకసారి నిలబడండి. జర్మనీ దేశంలో, బవేరియా రాష్ట్రపు ఈశాన్యపు మూల, హోఫ్ అనే పట్టణం కనబడుతుంది. పటం పెద్దదైతేనే సుమా! ఆ హోఫ్‌కు ఉత్తరంగా కొద్ది మైళ్ళలో మోడ్లరాయిట్ అనే పల్లె ఉన్నది. దాన్ని ఏ బడిపటంలోనూ వెదకకండి, దొరకదు. అక్కడ ఉండేది నలభై, యాభైమంది. మన పల్లెల్లో ఒక పెళ్ళి పందిట్లో అంతకన్న ఎక్కువమందే కూర్చుంటారు.

మా అమ్మాయి కాపురం న్యూరెంబర్గులో. అక్కడికి వెళ్ళినప్పుడు మా అల్లుడు, "మావయ్యగారూ, మీరు చరిత్ర చెప్పినవారు. కోటలు తరవాత చూడవచ్చును, ముందు ఒక పల్లె చూపిస్తాను," అని కారెక్కించాడు. మా మనవడు కూడా వచ్చాడు.

దారంతా ఎత్తుపల్లాల నేల. పచ్చిక బీళ్ళు, మధ్య మధ్య సూదుల్లాంటి ఆకుల చెట్ల అడవులు. ఆ ప్రాంతంలో చాలా ఊళ్ళ పేర్ల చివర "రాయిట్" అని ఉంటుంది. అడవి కొట్టి సాగుచేసిన చోటు అని దానికి అర్థం. ఊరి మధ్య ఒక వాగు పారుతున్నది. దాని పేరు టాన్‌బాఖ్. వాగు అన్నానని గోదావరి పాయను ఊహించుకోకండి. మా మనవడు ఒక్క గెంతులో ఆవలి ఒడ్డున వాలాడు, మళ్ళీ గెంతి ఇవతలికి వచ్చాడు. అప్పుడు మా అల్లుడు, "ఒరేయ్, 1989కి ముందు ఇట్లా గెంతితే నీ ప్రాణానికే ముప్పు," అన్నాడు. వాడు నమ్మలేదు. ఆ కథే మీకు చెప్పబోతున్నాను.

1810లో ఈ వాగు వెంట సరిహద్దు రాళ్ళు పాతారు. ఒక ఒడ్డు బవేరియా రాజుది, ఎదుటి ఒడ్డు రోయ్స్ అనే చిన్న సంస్థానానిది. రాళ్ళమీద ఇరువైపుల వారి పొడి అక్షరాలూ చెక్కారు. అయితే ఊరివాళ్ళకు ఆ రాళ్ళతో పెద్ద పని లేకపోయింది. బడి, పూటకూళ్ళ యిల్లు ఒక ఒడ్డున ఉండేవి. చర్చికి మాత్రం అందరూ బవేరియా వైపున్న ట్యోపెన్ అనే పక్కఊరికి పోయేవారు. రాజులు పోయారు. రోయ్స్ సంస్థానం 1920లో తురింగియా రాష్ట్రంలో కలిసిపోయింది. వాగు మాత్రం ఎప్పటిలాగే పారింది, పిల్లలు ఎప్పటిలాగే దాన్ని దాటి బడికి పోయారు.

1945లో రెండవ ప్రపంచయుద్ధం ముగిసింది. ఓడిపోయిన జర్మనీని గెలిచిన దేశాలు మండలాలుగా పంచుకున్నాయి. బవేరియా అమెరికావారి వంతుకు వచ్చింది, తురింగియా రష్యావారి వంతుకు. ఎక్కడో బల్ల దగ్గర కూర్చుని పటం మీద గీత గీసినవారికి పాతరాష్ట్రాల హద్దు సులువుగా కనబడింది. ఆ హద్దు ఈ ఊరి నడుమనుంచే పోయింది! 1949లో రెండు జర్మనీలు ఏర్పడేసరికి మోడ్లరాయిట్ సగం పశ్చిమ జర్మనీలోను, సగం తూర్పు జర్మనీలోను పడింది.

తూర్పు జర్మనీ ప్రభుత్వానికి ఒక దిగులు పట్టుకున్నది. తన జనం వేలకువేలుగా పశ్చిమానికి వెళ్ళిపోతున్నారు. 1961 నాటికి అట్లా వెళ్ళినవారు ఇరవై అయిదు లక్షలకు పైమాటే. అందుకని 1952 మే నెలలో సరిహద్దు బిగించింది. అంచు పొడుగునా పది మీటర్ల వెడల్పున నేల దున్నించారు. ఎందుకో తెలుసా? ఎవరైనా దాటితే అడుగుజాడలు పడతాయని! అయిదు కిలోమీటర్ల లోపలి ఊళ్ళలోకి అనుమతి చీటీ లేనిదే చుట్టమైనా రాకూడదు. నమ్మదగనివారనుకున్న కుటుంబాలను ఉన్నపళంగా లేపి దూరపు జిల్లాలకు తరలించారు. మోడ్లరాయిట్‌లో ముందు బల్లలతో కంచె లేచింది, తరవాత ముళ్ళతీగె వచ్చింది. 1966లో ఏకంగా సిమెంటు గోడ కట్టారు. దాని పొడవు ఏడువందల మీటర్లు, ఎత్తు మూడు మీటర్ల పైచిలుకు. రాత్రంతా దీపాలు, కావలి బురుజులు, తుపాకులు. బెర్లిన్ నగరంలో 1961లో లేచిన గోడ లాంటిదే ఇదీను. అందుకే అమెరికా సిపాయీలు ఈ పల్లెను "చిన్న బెర్లిన్" అన్నారు.

నేను బడిపంతులుగా బతికినవాణ్ణి. ఆ గోడ ముందు నిలబడితే నాకు మొదట తట్టింది బడి సంగతే. నిన్నటిదాకా ఒకే బల్లమీద కూర్చున్న పిల్లల్లో కొందరు ఇక రారు. ఊరు విడిచిపోయారా అంటే లేదు. కేక వేస్తే వినపడేంత దూరంలోనే ఉన్నారు. హాజరుపట్టీలో ఆ పేర్లకు ఎదురుగా ఆ ఊరి పంతులు ఏమని రాసుకున్నాడో!

అన్నిటికంటె నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉన్నది. తూర్పు సగంవాళ్ళు పడమటి సగంవాళ్ళకు చెయ్యి ఊపకూడదు, పలకరించకూడదు. పడమటి గట్టుమీద నుంచి అన్నగారు చెయ్యి ఊపితే, ఇవతలి తమ్ముడు చూడనట్టు తల తిప్పుకుని తన గడ్డి తాను కోసుకోవాలి. 1983 ఫిబ్రవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు జార్జి బుష్ వచ్చి పడమటి వైపు నుంచి ఈ గోడను చూసి వెళ్ళాడు. అంతటివాడు కూడా చూసి వెళ్ళగలిగాడు, అంతే. నిచ్చెన వేసి ఈ గోడ దాటినవాడు మాత్రం ఒక్కడు ఉన్నాడు. 1973 మే నెలలో ఒకరోజు ఆ సాహసం చేసి ప్రాణాలతో బయటపడ్డాడు.

1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకున్నది. ఇక్కడివాళ్ళు సరిగ్గా ఒక నెల ఆగవలసివచ్చింది. డిసెంబరు 9న గోడలో కాలిబాట తెరిచారు. ఊళ్ళో ఒక సగం నుంచి రెండో సగానికి నడిచిపోవడం ఎన్నో ఏళ్ళ తరవాత అదే! 1990 జూన్ 17న యంత్రం తెచ్చి గోడ పడగొట్టారు. ఆ అక్టోబరు 3న రెండు జర్మనీలూ ఒకటైనాయి. వంద మీటర్ల గోడను మాత్రం కూల్చకుండా ఉంచి, దాని చుట్టూ మ్యూజియం పెట్టారు. మేము చూసినది ఆ ముక్కే.

మరి ఊరు ఒకటైనదా? అక్కడే ఉన్నది తమాషా! దేశం ఒకటైనా రాష్ట్రాల హద్దు ఆ వాగే. అందుచేత ఈనాటికీ ఒక ఒడ్డు బవేరియా, ఒక ఒడ్డు తురింగియా. ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్లు. జర్మనీలో చదువుల వ్యవహారం రాష్ట్రాల చేతిలో ఉంటుంది గనక బడిసెలవులు కూడా వేరు. చాలా ఏళ్ళలో తురింగియా పిల్లలు వేసవి సెలవుల్లో ఆడుకుంటూ ఉంటే, బవేరియా పిల్లలు ఇంకా బడికి పోతూ ఉంటారు. గోడ పోయిన తరవాత కూడా ఇన్ని తేడాలు ఎందుకని మా అల్లుణ్ణి అడిగాను. "తేడాలు ఉంటే ఏం, దాటనిస్తే చాలదా?" అన్నాడు. నాకు సబబుగానే తోచింది.

పలకరింపులో కూడా తేడా ఉన్నది. బవేరియావాళ్ళు "గ్రూస్ గాట్" అంటారు, తురింగియావాళ్ళు "గూటెన్ టాగ్" అంటారు. మేము బయలుదేరే వేళకు ఒక ముసలావిడ కూరల బుట్టతో వాగు దాటి వస్తున్నది. మా మనవడికి పెద్ద చిక్కు వచ్చిపడింది. ఆవిడ ఏ ఒడ్డు మనిషో తెలియదాయె! వాడు కాసేపు ఆలోచించి, ఏమీ అనకుండా చెయ్యి ఊపాడు. ఆవిడ బుట్ట కిందపెట్టి తానూ చెయ్యి ఊపింది.