ట్రైలర్ ముందు ఖాళీ

మా మినీ ప్రాజెక్ట్‌లో ఒక్క యాక్సిడెంటూ కాలేదు. గంట ట్రాఫిక్ సిమ్యులేషన్ నడిపితే గుద్దుకున్న బళ్లు సున్నా. నలుగురం తెగ సంబరపడ్డాం. ఆ రాత్రి ఇంట్లో లాప్‌టాప్ తెరిచి నాన్నకి చూపించాను.

నాన్న ట్రైలర్ డ్రైవర్. స్టీల్ ప్లాంటు నుంచి ఊచలు లోడు వేసుకుని కూర్మన్నపాలెం, గాజువాక మీదుగా వెళ్తుంటాడు. స్క్రీన్ మీద చీమల్లా పోతున్న బళ్లని కాసేపు చూసి, "ఏ ఊర్రా ఇది?" అన్నాడు.

"షీలానగర్, నాన్నా. పోర్టు రోడ్డొచ్చి హైవేలో కలిసే చోటు."

"కాదులే," అన్నాడు.

మేం వాడింది సుమో. పెళ్లిళ్లకి పదిమందిని కుక్కి తీసుకెళ్లే టాటా సుమో కాదు, జర్మనీ అంతరిక్ష సంస్థ వాళ్లు 2001 నుంచి తయారుచేస్తున్న ఫ్రీ సాఫ్ట్‌వేర్. మనం ఏమీ మార్చకపోతే అందులో బళ్లు నడిచేది స్టెఫాన్ క్రాస్ 1998లో తన డాక్టరేట్ కోసం రాసిన మోడల్ ఆధారంగా. ముందు బండి ఉన్నట్టుండి గట్టిగా బ్రేక్ కొట్టినా, గుద్దకుండా ఆగగలిగే స్పీడులోనే వెనక బండి వెళ్తుంది. డ్రైవర్ తేరుకోడానికి 1 సెకను. ఆగాక మధ్యలో 2.5 మీటర్లు. సిగ్మా అని ఇంకోటుంది, డ్రైవర్ తడబాటుకి, 0.5. మనిషి తడబాటుకి కూడా డిఫాల్ట్ వాల్యూ ఉందన్నమాట! (రోడ్డు డిజైన్ చేసేటప్పుడు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో డ్రైవర్‌కి 2.5 సెకన్లు ఇస్తాం. అది క్లాసులో చదివి కూడా ఇక్కడ 1 సెకనే ఉంచేశాం.)

గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. రెండు బళ్ల బ్రేకులూ ఒకటే అయితే మధ్యలో ఆ 11, పైన 2.5, మొత్తం 14 మీటర్ల లోపు చాలు. ఇదే చెప్పాను.

"గట్టిగా బ్రేక్ కొడితే బండి ఆగుతాది. ఎనకున్న ఊచలు ఆగవు కదరా. క్యాబిన్లోకి వచ్చేస్తాయి. అందుకే మెల్లగా ఆపుకోవాల."

ట్రైలర్ బ్రేక్ విలువ 4 నుంచి 2.5కి తగ్గించి, ముందున్న బైక్‌కి 6 ఇచ్చి, అక్కడే కాగితం మీద లెక్క కట్టాను. 28 మీటర్లొచ్చింది. అంటే రెట్టింపు.

"అంత వదుల్తావా నాన్నా?"

"వదుల్తాను. వదిల్తే ఏటవుతాది? బైకోడు దూరతాడు. ఆడికోసం మళ్లీ వదుల్తాను, ఇంకోడు దూరతాడు. అలాగైతే నాను గాజువాకలోనే ఉండిపోవాల."

మా సిమ్యులేషన్‌లో అలా ఎవరూ దూరరు. వెనక బండికి సేఫ్ గ్యాప్ మిగలకపోతే లేనే మారరు. నేను మాత్రం దూరతాను. గాజువాక నుంచి కాలేజీకి బైక్ మీదే వెళ్తాను, ఫస్ట్ అవర్ ఎప్పుడూ లేటే. ట్రైలర్ ముందు ఖాళీ కనిపిస్తే, పాపం లోడు బండి కదా, స్లోగా వస్తోంది అనుకునేవాణ్ణి. అది కావాలని వదిలిన ఖాళీ అని ఏ రోజూ తట్టలేదు.

నాలుగేళ్ల కిందట నాన్న భుజానికి కుట్లు పడ్డాయి. లోడు దించుతుంటే తగిలిందని చెప్పాడు అప్పట్లో. ఆ రాత్రి లాప్‌టాప్ మూసేస్తుంటే, తనే అన్నాడు. "ఆ కుట్లు దించుతుంటే కాదురా. ఒకడు అడ్డంగా దూరేశాడు. కొట్టక తప్పలేదు బ్రేకు. ఆడికేటీ అవలేదు. బుజాన కాలేజీ బ్యాగు. నీ ఈడోడే." అమ్మకి చెప్పొద్దన్నాడు.

మర్నాడు ట్రైలర్ల బ్రేకులు తగ్గించి, బైకులు లేన్లు పట్టించుకోకుండా చిన్న సందులోనూ దూరేలా సెట్టింగులు మార్చాం. ఈసారి సున్నా రాలేదు. టీమ్‌లో గొడవైంది. మార్కులు పోతాయి, పాతదే ఇచ్చేద్దాం అన్నారు ఇద్దరు. చివరికి రెండూ పెట్టాం. మార్కులు ఇంకా రాలేదు.

మొన్న షీలానగర్ దగ్గర ఒక ట్రైలర్ ముందు పెద్ద ఖాళీ కనిపించింది. దూరలేదు. వెనకాల బైక్ వాడు రెండుసార్లు హారన్ కొట్టి, నా పక్కనుంచి వచ్చి అందులోకి వెళ్లిపోయాడు.