మంచు పడకమునుపు



మన యిండ్లలో కాలము వచ్చిన తరువాత చేయు పనులు కొన్ని, కాలము రాకమునుపే ముగించుకొనవలసిన పనులు కొన్ని గలవు. వాన కురియుచుండగా కట్టెలు ఎండబెట్టు ఇల్లాలిని మన మెన్నడును జూడలేదు. కారము దంచుట, వడియములు పెట్టుట, చూరు కప్పించుట మొదలగునవన్నియు ఎండ కాయుచుండగానే చేసికొందుము. చలిదేశములలో కారు గలవారికి ఇట్టి పని యొకటి కలదు. అది మంచు పడకమునుపే కారు టైరులను మార్చుకొనుట. ఇది స్త్రీలు చదువదగిన విషయమా యని కొందఱనుకొనవచ్చును. మన యూళ్ళనుండి పోయిన ఆడపిల్లలెందఱో నేడు కెనడా, అమెరికా, జర్మనీ దేశములలో ఉద్యోగములు చేయుచు, తెల్లవారకమునుపే తామే కారు నడుపుకొని పోవుచున్నారు. వారి తల్లులమైన మనమీ సంగతి తెలిసికొనుట యవసరమని నా యభిప్రాయము.

మా పెద్దమ్మాయి కెనడాలోని మాంట్రియలు నగరమున నొక వైద్యశాలలో నర్సు. నేనును కొన్ని యేండ్లుగా ఆమెయొద్దనే యున్నాను. ఆ నగరమున ఒక్క చలికాలములో పడు మంచునంతయు కొలిచినచో సగటున రెండు మీటర్లు తేలును. ధనుర్మాసపు ఉదయమున పొలములపై తేలు పొగయు, గడ్డిపై నిలుచు బిందువులును, అచ్చట మోకాలిలోతున పేరుకొను తెల్లని హిమమును, దారిపై కంటికి గానరాక గాజువలె పరచుకొను పొరయు, అన్నియు మన భాషలో మంచే. కారు నడుపువారికి మాత్రము ఇవి వేర్వేఱు శత్రువులు.

మా యమ్మాయి తన జీతములో మిగిల్చిన సొమ్ముతో మియాటా అను జపానుదేశపు స్పోర్ట్సు కారును గొనెను. అది యిద్దఱు మాత్రమే కూర్చుండదగిన చిన్నబండి. నేలకు మిక్కిలి దగ్గఱగా నుండును. పైకప్పును మడచి వెనుకకు ద్రోయవచ్చును. ఇంజను బలమంతయు వెనుకచక్రములకే పోవును. ఆ బండియన్న అమ్మాయికి ప్రాణము. అక్టోబరు మాసము రాగానే మా యింట దానినిగూర్చి చర్చ బయలుదేరినది. అల్లుడుగారు నెమ్మదస్తులు. వారు పనిచేయు చోటు వేఱొక యూరిలో నున్నందున ఇంటి పెద్దకారు వారితోడనే పోవును. "అత్తయ్యగారూ, ఇది వేసవి ముచ్చటకు గొన్న బండి. మంచులో తోక తిప్పును. నాలుగు మాసములు దుప్పటి కప్పి యుంచుదము. ఆమె బస్సులో పోవచ్చును," అని వారనిరి. పనివేళ ఉదయము 7 గంటలకు. రెండు బస్సులు మాఱవలెను. సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలిలో, చీకటిలో, బస్సు కొఱకు నిలువవలెను. రాత్రిపని ముగిసిన దినములలో తిరిగివచ్చుటయు నట్లే. అమ్మాయి నావైపు తిరిగి, "అమ్మా, నీవేమందువు?" అని యడిగెను. నేను వెంటనే ఔననలేదు, కాదనలేదు. "మంచులో ఆ బండికి గల లోపము బండిదా, చక్రములదా? ముందది చెప్పుము," అంటిని.

అమ్మాయి చెప్పిన జవాబు నాకెంతయు నచ్చినది. "ఇంజను బండిని పరుగెత్తించును. కాని బండి నేలను బట్టుకొనునది నాలుగుచోట్ల మాత్రమే. ఒక్కొక్క టైరు నేలనంటు మేర నీ యరచేయంత. నేను మలుపు తిరిగినను, ఆగినను ఆ నాలుగు అరచేతుల పట్టే నాకు దిక్కు," అని చెప్పి, వంటింటినుండి కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందుంచెను. మన యూరిలో వేసవిని నీళ్ళవలె పాఱు నూనె అందులో మైనమువలె గట్టిపడి యుండెను. రబ్బరు అట్లు పేరుకొనదు గాని, చలికి బిఱుసెక్కుట మాత్రము నిజము. వేసవి టైరులలోని రబ్బరు ఎండకు కఱగక నిలుచునట్లు చేయబడినది. గాలిలోని వేడిమి దాదాపు 7 డిగ్రీలకు దిగినపుడే అది మెత్తదనము గోల్పోవనారంభించును. అప్పుడది దారి గరుకులోనికి ఒదుగదు. మంచు పడకున్నను, దారి పొడిగా నున్నను, పట్టు తగ్గును. కావున మంచు రాకకై కాచియుండుట తగదు. చలిని జూచియే మార్చుకొనవలెను.

రబ్బరునకు చలివేడుల బాధ క్రొత్తది కాదు. చార్లెసు గుడ్‌ఇయరు అను అమెరికావాసి కాలమునకు ముందు రబ్బరు చెప్పులు, రబ్బరు కోట్లు వేసవిలో కఱగి కంపుకొట్టెడివి, చలికాలమున కట్టెవలె బిగిసి పగిలెడివి. అతడు దారిద్ర్యముతో పోరాడుచు, అప్పులకై చెఱసాలకు గూడ పోయి, తుదకు 1839లో గంధకము కలిపిన రబ్బరును కాచినచో అది రెండు కాలములకును నిలుచునని కనుగొనెను. 1844లో దానికి పేటెంటు పొందెను. అయినను 1860లో అప్పులతోనే మరణించెను. ఫిన్లాండు దేశపు రబ్బరు కర్మాగారమువారు 1934లో మంచుదారులపై పోవు లారీలకై ప్రత్యేకముగా టైరులు చేసిరి. 1936లో చిన్నకార్లకును చేసిరి. నేటి చలికాలపు టైరులు ఆ వంశమునకు జెందినవే.

చలికాలపు టైరును చేత నొక్కి చూచితిని. దాని రబ్బరు మెత్తన. చాళ్ళు లోతైనవి. చాళ్ళ నడుమ దిమ్మెలపై సన్నని కత్తిగాట్లు వేలకొలది యుండును. ఆ గాట్ల యంచులు కొబ్బరికోరాము పండ్లవలె మంచును గీఱి పట్టుకొనును. చాళ్ళలో చొచ్చిన మంచు నేలపై మంచును కఱచుకొనును. ఇసుకపై తడియిసుక నిలుచునట్లు మంచుపై మంచు నిలుచును. టైరు ప్రక్కభాగమున మూడు శిఖరముల కొండయు, దానిలో మంచుపువ్వును అచ్చువేయబడి యుండును. ఆ గుఱుతు లేనిదానిని చలికాలపు టైరని నమ్మరాదు.

స్పోర్ట్సు కారునకు ఈ మార్పు మఱింత యవసరము. ఏలయన దానికి అమర్చిన వేసవి టైరులు వెడల్పైనవి, ప్రక్కగోడలు పొట్టివి. వెడల్పు టైరు మంచుపై పడవవలె తేలును. సన్నని టైరు మంచును గోసికొని అడుగున గల గట్టిదారిని చేరును. మా బండికి వేసవిలో 17 అంగుళముల చక్రముపై 205 మిల్లీమీటర్ల వెడల్పుగల టైరులుండును. అమ్మాయి 16 అంగుళముల చక్రములను వేఱుగా గొని, వానికి 195 మిల్లీమీటర్ల టైరులను తొడిగించెను. ఈ రెండు కొలతలును ఆ బండికి తగినవే. చక్రము చిన్నదైనపుడు టైరు ప్రక్కగోడ ఎత్తగును. గుంటలో పడినను చక్రము సులభముగా వంగదు. అయితే కొన్ని బండ్లలో బ్రేకులు పెద్దవగుటచే చిన్నచక్రము పట్టదు. తెలిసినవారి నడుగక కొనరాదు.

పొదుపుకొఱకు వెనుక రెండు టైరులు మార్చిన చాలదా యని నేనడిగితిని. చాలదని తెలిసినది. వెనుక మాత్రమే మార్చినచో బండి పోవును గాని, మలుపున ముందుచక్రములు మాట వినవు. ముందు మాత్రమే మార్చినచో ఆపునపుడు వెనుకభాగము బొంగరమువలె ముందుకు దిరుగును. నాలుగును ఒకే తరగతివి కావలెను. ఖర్చును గూర్చి యొక మాట. వేసవివి విశ్రాంతి తీసికొనుచుండగా చలికాలపువి అరుగును. చలికాలపువి విశ్రాంతి తీసికొనుచుండగా వేసవివి అరుగును. రెండు జతలు గొన్నను, ఒక్కొక్క జత ఎక్కువ యేండ్లు వచ్చును.

అక్టోబరు చివర నొక ఆదివారము మా యింటి ముంగిటనే ఈ పని జరిగినది. బండి నేలపై నుండగానే నట్లను కొంచెము సడలించి, తరువాత జాకీ పెట్టి యెత్తి, క్రింద దిట్టమైన ఊత నుంచెను. ఊడదీసిన నట్లను నేను వంటింటి గిన్నెలో వేసి పట్టుకొంటిని. తీసిన టైరులపై సుద్దముక్కతో ముందు కుడి, వెనుక ఎడమ యని వ్రాసితిని. క్రొత్తచక్రము తొడుగునపుడు టైరు ప్రక్కనున్న బాణపు గుఱుతు బండి పోవు దిక్కును జూపుచున్నదో లేదో చూడవలెను. నట్లను వరుసగా గాక, ఒకదాని తరువాత దాని కెదుటి దానిని బిగింపవలెను. బండిని దించిన పిదప బిగింపును కొలుచు స్పానరుతో తుదిసారి చూడవలెను. నూఱు కిలోమీటర్లు తిరిగిన తరువాత మఱల చూడవలెను. గాలినిగూడ మఱవరాదు. చలి ఐదాఱు డిగ్రీలు హెచ్చినపుడెల్ల టైరులో గాలి ఒత్తిడి ఇంచుమించు ఒక పౌను తగ్గును. వేసవి టైరులను కడిగి, ఆరబెట్టి, వెలుతురు సోకని చల్లని గదిలో పెట్టితిమి. ఊరగాయ జాడీలకు మనమిచ్చు మర్యాదయే వానికిని.

పొరుగున నున్న తెలుగు సోదరి యొకామె అటు పోవుచు, "ఇది మగవారి పని కదా, వదినగారూ! ఆడపిల్ల కెందుకీ మసి?" అనెను. నేనామెకు ఇద్దఱు స్త్రీల కథ చెప్పితిని. 1888లో జర్మనీ దేశమున బెర్తా బెంజు అను నామె భర్తకు చెప్పక, ఇద్దఱు కొడుకులతో, ఆయన చేసిన కారులో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు పైగా పోయెను. ప్రపంచమున కారుపై చేసిన మొదటి దూరప్రయాణ మదియే. దారిలో బ్రేకు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత దానికి తోలు కొట్టించెను. అమెరికాలో మేరీ ఆండర్సను అను నామె చలికాలమున న్యూయార్కు ట్రాముబండిలో పోవుచు, మంచుతో కలిసిన వానకు అద్దము కనబడక డ్రైవరు పడు పాట్లు చూచెను. అద్దమును తుడుచు సాధనమును కల్పించి 1903లో పేటెంటు పొందెను. కారునకు మొదటినుండియు క్షేమమును సమకూర్చినవారిలో స్త్రీలున్నారు. మసి చేతికంటుకొన్నచో సబ్బుతో పోవును.

ఆ రాష్ట్రమగు క్విబెకులో చలికాలపు టైరులు 2008 నుండి చట్టమువలన తప్పనిసరి. మొదట డిసెంబరు 15 నుండి వర్తించిన గడువు 2019 నుండి డిసెంబరు 1కి మాఱినది. మార్చి 15 వఱకు నడచును. తప్పినవారికి రెండువందల డాలర్లకు తక్కువ గాని జరిమానా. కాని మంచునకు చట్టపు తేదీ తెలియదు. ఆ యేడు నవంబరు మధ్యనే రాత్రికి రాత్రి తెల్లగా కప్పివేసినది. ఉదయమున మా వీధిమలుపున నాలుగు చక్రములకును బలమందు నొక పెద్దబండి, ఇంకను టైరులు మార్చని కారణమున, మెల్లగా జాఱి కాలిబాట నెక్కినది. దేవుని దయవలన ఎవరికిని దెబ్బ తగులలేదు. నాలుగు చక్రములకు బలముండుట బండి కదలుటకు మేలే. ఆగుటకు మాత్రము టైరే కావలెను. ఆనాడు టైరుల దుకాణములయొద్ద వరుస వీధివఱకు వచ్చినది.

అమ్మాయి ఆ సాయంకాలము నన్ను, అల్లుడుగారిని వంతులవారీగా ప్రక్కన గూర్చుండబెట్టుకొని, ఒక ఖాళీ మైదానమున బండిని నడిపి, బ్రేకు వేసి చూపెను. బండి కొంచెము వణకి తిన్నగా నిలిచినది. పొడినేలపై నిలుచునంత త్వరగా నిలువలేదు; ఆ మాట ఆమెయే చెప్పినది. ఎట్టి టైరైనను మంచును మట్టిగా మార్చలేదు. ముందుబండికి దూరముగా నుండవలెను, మెల్లగా పోవలెను. అంతియ గాక బండి అడుగుభాగము కంటె ఎత్తుగా మంచు పేరుకొన్ననాడు, దారి శుభ్రము చేయువఱకు బండి తీయనని మా యిద్దఱికిని మాట యిచ్చినది. అల్లుడుగారు కొంతసేపు మాటాడక, "ఉదయము నేనే అద్దములపై మంచు తుడిచి పెట్టుదును," అనిరి. ఆ చలికాలమంతయు ఆమె పనికి వేళకు పోయినది, వేళకు వచ్చినది. ఏప్రిలులో చలి తగ్గి దారులు వెచ్చబడగనే మఱల వేసవి టైరులు తొడిగితిమి. మెత్తని రబ్బరు ఎండదారిపై ఊరక అరిగిపోవును గదా.

మన మాడపిల్లలకు భయము కలిగినపుడు సాధారణముగా "పోవలదు" అందుము. అది ప్రేమతో అనునదే. కాని పోవలదన్నంత మాత్రమున పని యాగునా, కాలమాగునా? క్షేమముగా పోవుటకు కావలసినదేదో కనుగొని, దానిని వేళకు ముందే సమకూర్చుట తల్లులకు తగిన పని. చలిదేశములలో నున్న బిడ్డలతో మాటాడునపుడు "అన్నము తింటివా?" యని మనమడుగక మానము. అక్టోబరు మాసమున ఆ ప్రశ్న వెంబడి, "టైరులు మార్చితివా, నాలుగును మార్చితివా?" అనికూడ అడుగుడు.