నాయన కాలు, నా ఎక్సెల్ షీట్

ఆసుపత్రి బిల్లు ఎంత పెద్దదైనా దానికి ఒక చివరి లైను ఉంటుంది. కడతాం, రసీదు తీసుకుంటాం, అయిపోతుంది. ఇంటికొచ్చాక మొదలయ్యే ఖర్చుకు ఆ లైను ఉండదు. షుగర్ వల్ల మా నాయనకు ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ప్రొద్దుటూరులో డిశ్చార్జ్ అయిన రోజు మొదలుపెట్టిన ఎక్సెల్ షీట్‌కు ఇప్పటికి పద్నాలుగు నెలలు.

నేను బెంగళూరులో కోడింగ్ చేస్తాను. నాయన జమ్మలమడుగులో మగ్గం నేస్తాడు. గుంట మగ్గం చూడనివాళ్లు నేతంటే చేతిపని అనుకుంటారు. గుంటలో కాళ్లు పెట్టి చెక్కలు తొక్కితేనే పోగులు పైకీ కిందికీ విడిపోతాయి, మధ్యలో నాడె పోతుంది. అంటే పని సగం కాళ్లదే. నాయన చేతికి వచ్చిన సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 60 శాతం. షీట్‌లో ఆయన సంపాదన మాత్రం 12 వేల నుంచి సున్నాకి పడింది.

ఈ తేడాను సుప్రీంకోర్టు 2010లో ఒక రోడ్డు ప్రమాదం కేసులో (రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్) స్పష్టంగా చెప్పింది. శరీరానికి వచ్చిన వైకల్యం శాతం వేరు, పోయిన సంపాదన శాతం వేరు. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో, వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోవచ్చు, గుమాస్తాకు అంత పోకపోవచ్చు. మాది ప్రమాదం కాదు, పరిహారం ఇచ్చేవాళ్లూ లేరు. కానీ ఇంటి లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో నాకు ఆ తీర్పే చెప్పింది. సర్టిఫికెట్‌లోని శాతం పట్టుకుని బడ్జెట్ వేయకండి.

మా జిల్లాకు వైద్యం ఖర్చు కొత్త మాట కాదు. ఆరోగ్యశ్రీని 2007లో మొదలుపెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి పులివెందుల మనిషి, డాక్టరుగా మా జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు. ఇప్పుడా పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. అది ఆపరేషన్ దాకా చూసుకుంటుంది. తర్వాత మంచంమీద ఉన్న మనిషి ఇంట్లో బియ్యం ఎవరు కొంటారన్నది వేరే ప్రశ్న. 2019 డిసెంబరులో ‘ఆరోగ్య ఆసరా’ అని, విశ్రాంతి రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5 వేలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎవరు తెచ్చారన్నది పక్కన పెడితే, కూలి పోవడం కూడా వైద్యం ఖర్చే అని గుర్తించిన ఆలోచన అది.

నేను మొదట చూసింది అప్పులు. ఊళ్లో లక్షా 80 వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 3,600, అసలు మాత్రం అక్కడే కూర్చుంటుంది. 13 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసి ఆ అప్పు తీర్చేశాను. ఈఎంఐ 6,065. ఎక్కువేగానీ, దానికో చివరి నెల ఉంది. పులివెందులలో ఉన్న మా అక్క నెలకు రెండు వేలు ఇస్తానంది. బావకు అరటి తోట, ధర పడిపోతే వాళ్లకే ఇబ్బంది. అందుకే ఆ రెండు వేలు మందులకని వేరే పెట్టాం, ఏ నెల రాకపోయినా అడగకూడదని అనుకున్నాం.

ట్యాక్స్ సంగతి. వికలాంగులైన అమ్మానాన్నలను పోషిస్తుంటే 80డీడీ కింద 75 వేలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే లక్షా 25 వేలు తగ్గించుకోవచ్చని ఆఫీసులో అందరూ చెప్పారు. అది పాత పద్ధతిలోనే. నా జీతం 14 లక్షలు. 80సీ మొత్తం వాడుకుని, అమ్మానాయనల ఇన్సూరెన్స్ 25 వేలు, 80డీడీ కలిపినా పాత పద్ధతిలో 1,48,200 వచ్చింది. కొత్త పద్ధతిలో, 2025-26 లెక్క ప్రకారం, ఏ తగ్గింపూ అడగకుండానే 81,900. నా అద్దె కలిపినా తేడా పూడలేదు. అద్దె, హోమ్ లోన్ వడ్డీ ఎక్కువ ఉన్నవాళ్లకు తిరగబడొచ్చు. రెండూ వేసి చూడండి.

పింఛను దగ్గరే ఇల్లు గందరగోళమైంది. 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6 వేలు. కానీ కుటుంబంలో ఎవరైనా ఆదాయ పన్ను కడుతుంటే అర్హత లేదు. ఆ ‘ఎవరైనా’ నేనే. నా పేరు ఇంట్లోంచి విడిగా చూపించమని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. చెయ్యలేదు. ఆ 6 వేలు నేనే ప్రతి ఒకటో తేదీన నాయన అకౌంట్‌లో వేస్తానన్నాను.

“నువ్విచ్చేది పింఛను గాదు గదరా,” అన్నాడు నాయన.

“డబ్బులు అవే గద నాయనా?”

“అది నాకొచ్చేది. ఇది నువ్విచ్చేది.”

రెండ్రోజులు ఆ మాటకు జవాబు దొరకలేదు. ఏ సెల్‌లో రాయాలో తెలియని లెక్క అది.

కృత్రిమ కాలి విషయంలో మాత్రం తొందరపడలేదు. ఖరీదైన కాలు ఈఎంఐలో తీసుకోమని ఒక షాపువాళ్లు వెంటపడ్డారు. తీసేసిన చోట కండ మొదటి ఏడాది, ఏడాదిన్నర దాకా తగ్గుతూనే ఉంటుంది. సాకెట్ వదులైపోతుంది, మార్చాలి. అంటే మొదటి కాలు మీద లక్షలు పెట్టడం దండగ. జైపూర్ కాలు పెట్టించాం. 1968లో దాన్ని తయారుచేసింది డాక్టర్ పి.కె. సేథీ, రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు కలిసి. చెప్పులేకుండా నడిచే, గొంతుక్కూర్చునే మనుషుల కోసం చేసిన కాలు. 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి దీన్ని ఉచితంగా ఇస్తుంది. చేసినవాడు కూడా పనివాడే అంటే నాయన దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు.

మొదట అమ్మతో కలిసి కండెలు చుట్టాడు. తర్వాత ఒకరోజు నన్ను అడక్కుండా, అమ్మ భుజం పట్టుకుని గుంటలోకి దిగాడు. ఎడమ పక్క చెక్క తొక్కినప్పుడు తగిలిందో లేదో తెలియడం లేదట, చూపు కిందికి పెట్టాల్సొస్తోంది. పోగులు తెగుతున్నాయి. ఒక్క చీరకు పాతరోజుల్లో పట్టే టైమ్‌కు నాలుగు రెట్లు.

పోయిన నెల ‘నాయన కూలి’ అనే వరుస షీట్‌లో మళ్లీ తెరిచాను. 1,400 రూపాయలు. పాత సంపాదనలో ఎనిమిదో వంతు కూడా కాదు. అందులోంచి 500 సాకెట్ మార్చే ఖర్చుకు తీసి పెట్టమని నాయనే ఫోన్ చేసి చెప్పాడు. మిగతా 900 ఎక్కడ రాయాలని అడిగితే, “అది నీ లెక్కలోకి రాదులే,” అన్నాడు.