అయ్యగారూ, మీరు సీరియల్ చూస్తారా?



స్త్రీల కూడిక అయిపోయి చాపలు మడుస్తుంటే ఒక చెల్లి అడిగిన ప్రశ్న ఇది. పక్కనున్నవాళ్ళు నవ్వారు గాని ఆమె నిజంగానే అడిగింది. చూస్తానమ్మా అని చెప్పాను. మీ అమ్మగారు చూస్తుంటే పక్కన కూర్చుని చూస్తాను, ఇళ్ళు దర్శించడానికి వెళ్ళినప్పుడు మీ ఇళ్ళల్లో చూస్తాను. నేను గడప దగ్గర చెప్పులు విడిచేలోపు మీరు గబగబా సౌండు తగ్గిస్తారు. బొమ్మ మాత్రం ఆపరు. ప్రార్థన చేస్తూ కళ్ళు తెరిస్తే అత్తగారు కోడలి మీద కుట్ర పన్నుతూ ఎదురుగా కనబడుతుంది.

సినిమా చూడటం పాపమా కాదా అనే చర్చలోకి ఈరోజు వెళ్ళను. మా చిన్నతనంలో పెద్ద పాస్టర్లు సినిమా హాలు ఉన్న వీధిలోకి కూడా వెళ్ళొద్దనేవారు. ఇప్పుడు ఆ హాలు మన జేబులోకొచ్చి కూర్చుంది. చూసేవాళ్ళు ఎలాగూ చూస్తున్నారు. చూసినదాని గురించి మనలో మనం నిజం మాట్లాడుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను.

ముందు కార్తీకదీపం. 2017లో మొదలై ఐదేళ్ళకు పైగా నడిచింది. ఆ రోజుల్లో ఏడున్నరకు కూటం పెడితే ఆడవాళ్ళు సగానికి సగం రారు, ఎనిమిది దాటాక పెడితే అందరూ ఉంటారు. మలయాళంలో వచ్చిన కథే అది, అక్కడా ఇక్కడా నాయిక ప్రేమి విశ్వనాథే. మన ఊళ్ళో ఆమె పేరు ఎవరికీ తెలియదు, వంటలక్క అంటేనే తెలుసు. నల్లగా ఉందని అత్తగారు ఈసడించిన పిల్ల, భర్త అనుమానించి వదిలేస్తే వంటలు చేసుకుని బిడ్డను పెంచుకుంది. మొదట్లో ఆ కథలో బలం ఉంది. కాదనను. భర్త వదిలేసిన ఆడమనిషి తన చేతి కష్టంతో నిలబడటం మన సంఘంలో ఎంతమంది బ్రతుకో మీకు తెలుసు. వాళ్ళు ఆ బొమ్మలో తమని చూసుకున్నారు.

కానీ నాకు రెండు విషయాలు మింగుడుపడలేదు. ఒకటి, ఒక డాక్టరు తన బిడ్డ తనదో కాదో తెలుసుకోవడానికి ఒక్క రక్తపరీక్ష చేయించకుండా సంవత్సరాల తరబడి భార్యను ఏడిపిస్తూ ఉంటాడు. ఆ పరీక్ష గురించి మన పొలం పనికెళ్ళే అక్కలకే తెలుసు. కథ అయిపోతుందని ఆయనకు తెలియనివ్వలేదు. రెండోది దానికన్నా పెద్దది. నల్లపిల్లను తక్కువగా చూడటం తప్పని చెప్పే కథకు, ఉన్న రంగు మీద నలుపు పూసి నాయికను తయారుచేశారు. నిజంగా నల్లగా ఉన్న అమ్మాయి ఇన్ని కోట్లమందిలో దొరకలేదా? కథ ఒకటి చెప్పింది, మేకప్ ఇంకొకటి చెప్పింది.

ఇది టీవీ వాళ్ళను తిట్టడానికి చెప్పటం లేదు. మన సంఘంలో ఒక అక్క ఉంది, పేరెందుకులే. దీప ఏడిస్తే తనూ ఏడ్చేది, ఆ అత్తగారిని నోరారా తిట్టేది. కొడుక్కి సంబంధం వచ్చింది. పిల్ల నర్సింగు చదివింది, ఆదివారం బడిలో పిల్లలకు నేర్పుతుంది, మంచి గొంతు. అన్నీ కుదిరాయి. చివరికి "పిల్ల చామనఛాయ అన్నారు, చూస్తే మరీ నలుపు అయ్యగారూ" అని వెనక్కి తగ్గింది. దీప కోసం కార్చిన కన్నీళ్ళు ఆ పిల్ల గుమ్మం దాకా రాలేదు. నేను ఆ మాట ఆ అక్కతోనే అన్నాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ పిల్లకు తర్వాత వేరే చోట పెళ్ళయింది, చల్లగా ఉంది. ఆ ఇంటికి కబురు మోసుకెళ్ళింది నేనే. గుమ్మంలో ఆ తండ్రి ముఖం నాకింకా గుర్తుంది.

సినిమాల్లో మనవాళ్ళను చూపించే తీరు గురించీ చెప్పుకోవాలి. తెలుగు సినిమాలో క్రైస్తవుడంటే ఏళ్ళ తరబడి ఏం చూశాం? విలన్ పక్కన నిలబడే రాబర్టు, క్లబ్బులో నాట్యం చేసే లిల్లీ, మెళ్ళో పెద్ద శిలువ వేసుకుని వచ్చీరాని తెలుగు మాట్లాడే తాగుబోతు తండ్రి. పాస్టరైతే కామెడీ ట్రాకే. పొలానికెళ్ళి వచ్చి, చద్దన్నం తిని, ఆదివారం ఉతికిన చీర కట్టుకుని మందిరానికి వచ్చే మనుషులు తెరమీద ఎక్కడా కనబడరు. అందుకే 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం నాకు నచ్చింది. వెంకటేష్ మహా తీశాడు. విశాఖలో ఆ పేటలోనే తీశారు, ఎక్కువమంది అక్కడివాళ్ళే నటించారు. అందులో జోసెఫ్ అనే కుర్రాడు ఉన్నాడు. రౌడీయిజం చేస్తాడు, బ్రాహ్మణుల అమ్మాయి భార్గవిని ప్రేమిస్తాడు. వాడు మంచివాడని నేను కితాబివ్వను. కానీ వాడు మనిషి. కోపం ఉంది, సిగ్గు ఉంది, ప్రేమ ఉంది. కథ చివర్లో ముడి విప్పిన తీరు చూడనివాళ్ళ కోసం చెప్పకుండా వదిలేస్తున్నాను. దేవుడి గురించి ఆ సినిమా అడిగిన ప్రశ్నల్లో కొన్నిటితో నాకు పేచీ ఉంది, అయినా గౌరవంగా అడిగారు.

బలగం సంగతి వేరు. 2023లో వచ్చింది, తెలంగాణ ఊళ్ళల్లో చావిడి దగ్గర తెరలు కట్టి జనమంతా కలిసి చూశారు. తాత కొమురయ్య చనిపోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు. ఆ ఆచారం మనది కాదు, అందుకని మనవాళ్ళు కొందరు మధ్యలో లేచిపోయారట. నేను లేవలేదు. ఆ కుటుంబం విడిపోయింది దేని దగ్గర? భోజనాల్లో అల్లుడికి నల్లిబొక్క వేయలేదని. ఇరవై ఏళ్ళు రాకపోకలు లేవు. చూసి నవ్వుకున్నారా? నేను నవ్వలేదు. గట్టు మీద కొబ్బరిచెట్టు కాయలు ఎవరివనే మాట మీద పడిపోయిన అన్నదమ్ములను మన తోటలోనే, సమాధి దగ్గర, చెరో పక్కన నిలబెట్టి నేను ప్రార్థన చేశాను. మట్టి వేసేటప్పుడు కూడా ఒకడి ముఖం ఒకడు చూసుకోలేదు. బలగం చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ ఇద్దరే. ఆ యాస మనకు కొంచెం కొత్త, రెండోసారి చూస్తే అలవాటవుతుంది. వేణు యెల్దండి అంతవరకు కామెడీ వేషాలేసిన మనిషంటే నమ్మలేం.

పుష్ప రెండో భాగం మూడు గంటల ఇరవై నిమిషాలు. మన పిల్లలు సగం భుజం ఎత్తుకుని నడవటం నేర్చుకున్నారు. ప్రీమియర్ రోజు రాత్రి హైదరాబాదులో తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావుదాకా వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత నాకు ఆ సినిమా గురించి మాట్లాడాలనిపించలేదు.

నైంటీస్ వెబ్ సిరీస్ ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ చూడొచ్చు. ఉప్మా గోల చూసి మీ అమ్మగారు నా వైపు తిరిగి చూసింది. అందులో శివాజీ లెక్కల మాస్టారు, పిసినారి, కోపిష్టి, అయినా పిల్లలంటే ప్రాణం. అదే శివాజీ 2025 మార్చిలో వచ్చిన కోర్ట్ సినిమాలో మంగపతి అయ్యాడు. పరువు పేరు చెప్పి ఇంట్లో ఆడవాళ్ళను గడగడలాడించే మామయ్య. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి చూడమని తండ్రులకు చెబుతున్నాను. ఆ మాస్టారికీ ఈ మంగపతికీ మధ్య దూరం మనమనుకున్నంత లేదు.

కోర్ట్ కథ 2013 నాటి విశాఖలో జరుగుతుంది. పందొమ్మిదేళ్ళ పేద కుర్రాడు, పదిహేడేళ్ళ అమ్మాయి ఇష్టపడతారు. మంగపతి పోక్సో కేసు పెట్టిస్తాడు. 2012లో వచ్చిన ఆ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ళంతా పిల్లలే, వాళ్ళ ఇష్టంతో చట్టానికి పనిలేదు. ఈ సంగతి ఆ ఇద్దరికీ తెలియదు. మన యవ్వనస్థుల్లో ఎంతమందికి తెలుసని అడిగితే నలుగురు చేతులెత్తారు. ఆ మేరకు ఈ సినిమా మేలు చేసింది. ప్రియదర్శి బాగా చేశాడు. కానీ మంగపతిని అంత క్రూరుడిగా చూపించడం వల్ల చూసే తండ్రి "నేను వాడిలా కాదుగా" అని హాయిగా ఇంటికి పోతాడు.

ఇంకో భయం ఉంది. సినిమా చూసొచ్చిన ఒక పెద్దాయన "చూశారా అయ్యగారూ, ఈ కేసులన్నీ ఇంతే, కావాలని పెట్టేవే" అన్నాడు. అన్నీ ఇంతే కాదయ్యా. కథలోది పెట్టకూడని కేసు. మన పల్లెల్లో జరిగేది ఎక్కువగా దానికి తిరగేసింది. పెట్టాల్సిన కేసు రచ్చబండ దగ్గర రాజీ అయిపోతుంది. చిన్నపిల్ల మీద చెయ్యి వేసినవాడు బంధువని, పిల్ల పెళ్ళి చెడిపోతుందని, సంఘం పేరు పోతుందని పెద్దలు కూర్చుని మాట్లాడేస్తారు. రెండుసార్లు నన్నూ ఆ పెద్దల్లో ఒకడిగా కూర్చోమన్నారు. కూర్చోనని చెప్పాను. తెలిసి చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే, పాస్టరుకు మినహాయింపు లేదు. రెండుసార్లూ ఆ తల్లిని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళాను. ఒక కుటుంబం ఆ తర్వాత మన మందిరానికి రావడం మానేసింది, పక్క ఊరికి వెళ్తున్నారు.

ఈ శనివారం యవ్వనస్థుల కూటంలో కోర్ట్ వేసి చూపిద్దామనుకుంటున్నాను. ప్రొజెక్టరు దొరికింది, తెరకు తెల్లదుప్పటి చాలు. అమ్మాయిలు, అబ్బాయిలే కాదు, వాళ్ళ నాన్నలూ రావాలి. ఆరింటికి మొదలుపెడతాం, సీరియల్ టైముకు అయిపోదు.